కాయ వదిలే ముందు

పిలవకుండా కాయ వదలకూడదు. ఆ షెడ్డులో ఎవరూ తప్పని నియమం అదొక్కటే. కింద నిలబడ్డ మనిషి వొలిచిన కొబ్బరికాయను లారీ మీదికి విసురుతుంది. పైనున్న మనిషి దాన్ని పట్టి, వంగి, వరసలో పేర్చి మళ్ళీ ఇటు తిరగాలి. వంగి ఉన్నప్పుడు కింద ఏం జరుగుతోందో కనబడదు. అందుకని విసిరే చెయ్యి వెనక్కి వెళ్ళేటప్పుడే "ఇందా" అనాలి. ఆ మాట చెవిన పడ్డాకే పైన చేతులు లేవాలి.

గురువారం మధ్యాహ్నం లారీ మీద దర్షిణి ఉంది, కింద మరిడమ్మ. షెడ్డులో దర్షిణి తల్లి కన్నియమ్మ, నేలలో నాటిన గునపం ముందు నిలబడి కాయలు వొలుస్తోంది. కాయను మొనకు గుచ్చి, మోచేతులు కిందికి నొక్కి, ఒక పక్కకు మెలితిప్పితే పీచు కర్రుమని చీలుతుంది. మరో రెండు మెలికలకు కాయ బోడిగా బయటపడుతుంది.

"ఇందా" అంది మరిడమ్మ. తమలపాకు నమిలీ నమిలీ ఆమె గొంతు గరగరలాడుతుంది.

దర్షిణి చేతులు అప్పటికే లేచి ఉన్నాయి.

"ఏటే గుంటా, నాను పిలవకముందే సేతులెత్తుతావు? నీ వీపు మీద కళ్ళున్నాయేటి?"

"అలవాటయిపోయిందిలే, అత్తా."

"బాగుంది అలవాటు! ఇలాగైతే రేపు నాను ఇసరకపోయినా పట్టేస్తావు. ఇంటికెళ్ళి పడుకుంటాను, నువ్వే పట్టుకో."

ఆడవాళ్ళంతా నవ్వారు. కన్నియమ్మ నవ్వలేదు. ఆమె చేతిలోని కాయ గునపానికి సగం గుచ్చుకుని ఆగిపోయింది. లారీ మీద కూతురి చేతులవైపు చూస్తూ కాసేపు అలాగే ఉండి, తర్వాత మోచేతులు నొక్కింది.

మరిడమ్మ నిలబడ్డ చోటు సుమితది. బడి లేని రోజుల్లో కింద అక్క, పైన చెల్లెలు. అక్క గొంతు సన్నగా, కొంచెం ఎగతాళిగా ఉండేది. పట్టలేవులే అని కవ్విస్తున్నట్టు "ఇందా" అనేది. బడి ఫుట్‌బాల్ జట్టులో సుమిత ముందువరసలో గోల్స్ కొట్టేది, దర్షిణి వెనక గోల్‌కీపరు. కౌలాలంపూర్ దగ్గర ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఆట చూసి సుమితకు సీటిచ్చింది. ఫీజు, హాస్టలు, తిండి అన్నీ వాళ్ళవే. బదులుగా చదివినన్నాళ్ళూ వాళ్ళ జట్టుకు ఆడాలి. హాస్టలుకు తీసుకెళ్ళడానికి పెట్టె కొనుక్కుంటానని మోటారుసైకిలు మీద తెలుక్ ఇంతాన్ పట్నానికి బయల్దేరింది. హుతాన్ మెలింతాంగ్ ఊరు దాటాక వచ్చే మలుపులో పామాయిలు గెలల లారీ ఎదురొచ్చింది. అప్పటికీ ఇప్పటికీ రెండేళ్ళు.

చనిపోయాక కూడా సుమిత పిలవడం మానలేదు.

అది దర్షిణి ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి జిల్లా పోటీలో విన్నది. ఎదుటి జట్టు పిల్ల పెనాల్టీ కొట్టడానికి పరిగెత్తుకొస్తోంది. ఆమె కాలు బంతికి తగలకముందే దర్షిణి కుడిచెవి పక్క నుంచి, కవ్విస్తున్నట్టు, సన్నగా "ఇందా" అని వినబడింది. దర్షిణి కుడివైపు దూకింది. బంతి వచ్చి చేతుల్లో పడింది. ఆ రోజు మొదలు గోల్‌లో నిలబడ్డ ప్రతిసారీ వినబడుతోంది. లారీ మీద కూడా, మరిడమ్మ గరగర గొంతుకు రెప్పపాటు ముందు. మొదట్లో ఒళ్ళు జలదరించేది. తర్వాత ఆ గొంతు కోసమే ఎదురుచూడటం అలవాటయింది.

సాయంత్రం బడి ఆటల మాస్టారు రవీంద్రన్ కారు షెడ్డు ముందాగింది. దిగుతూనే లారీ మీదికి చూసి కేకేశాడు.

"దర్షిణీ! ఆదివారం సెలక్షన్. తెలుక్ ఇంతాన్‌లో. తమిళరసి మిస్ వస్తోంది."

దర్షిణి లారీ అంచు మీద కూర్చుంది. తమిళరసి ఆ యూనివర్సిటీ కోచ్. సుమితను ఎంచుకున్నది ఆమే.

"కీపరుకు ఒక్కటే సీటు. ఈపో నుంచి హిదాయా అనే పిల్ల కూడా వస్తోంది, పొడగరి. నువ్వు మామూలుగా ఆడితే చాలు."

కన్నియమ్మ పీచు దులుపుకుంటూ బయటికొచ్చింది. పుట్టింటి మాట తమిళమైనా, కోడలిగా వచ్చాక అత్తింటి తెలుగే ఆమె నోట నిలిచింది.

"అదే కాలేజీనా సార్?"

"అదే కన్నియమ్మా. ఇది పోతే మళ్ళీ వచ్చే ఏడాదే. అప్పటికి వయసు దాటిపోద్ది. ఇక ఈ షెడ్డేగా."

కన్నియమ్మ తలూపింది. మాస్టారు కారు వెళ్ళాక కూడా అది లేపిన ధూళిలోకే చూస్తూ నిలబడింది. తర్వాత కూతురివైపు తిరక్కుండానే అంది.

"రేపు శుక్రవారం. సుమితని ఇంటికి తెచ్చుకుందాం."

*

పెళ్ళికాకుండా పోయిన ఆడపిల్లను వాళ్ళ ఇళ్ళలో రోడ్డు మీద వదిలెయ్యరు. ఏడాది దాటాక, పోయిన చోటికి వెళ్ళి, పేరు పెట్టి పిలిచి, ఆమె ఆత్మను చెంబులో ఇంటికి తెచ్చుకుంటారు. ఇంట్లో ఒక మూల కొత్తబట్టలు, గాజులు పెట్టి కూర్చోబెడతారు. దర్షిణి నాన్నవైపు తాతయ్య అలాంటి పిల్లను పేరంటాలు అంటాడు. కన్నియమ్మ పుట్టింటివాళ్ళు కన్ని అంటారు. ఏ పేరుతో పిలిచినా, ఆ రోజు నుంచి ఆమె ఇంటి మనిషి.

ఏడాది నిండగానే చేద్దామని తాతయ్య అన్నాడు. అప్పట్లో వద్దన్నది కన్నియమ్మే. మళ్ళీ అడిగితే మళ్ళీ వద్దంది. ఇప్పుడు తనంతట తానే తేదీ చెప్పేసరికి ముసలాయన ముఖం విప్పారింది.

"ఆటకెళ్ళే ముందు అక్క దీవెన ఉండాలని మీ యమ్మ ఆలోచన. మంచి పనే" అన్నాడు, వరండాలో కూర్చుని చెంబుకు చింతపండు పెట్టి తోముతూ.

దర్షిణి ఆయన పక్కన చతికిలబడింది. "తాతా, ఇంట్లో కూర్చోబెడితే మళ్ళీ బయటికి రాదా?"

"ఏల వస్తాదే? ఇల్లు దొరికినాక రోడ్డు మీద ఏటి పని?"

"గ్రౌండుకి కూడా?"

తాతయ్య తోమడం ఆపి చూశాడు. "ఫుట్‌బాలు పిచ్చి దానికింకా పోనేదంటావా?" అని నవ్వి, మళ్ళీ చింతపండు అందుకున్నాడు. "గోలు కొట్టినప్పుడల్లా లంగా ఎగ్గట్టి గంతులేసీది. పేరంటాలయినాక అలాంటి ఏసాలు కుదరవు. బుద్ధిగా కూకోవాల."

దర్షిణి లేచింది. లోపల అమ్మ పొయ్యి దగ్గర ఉంది. వెళ్ళి తలుపు పట్టుకుని నిలబడింది.

"సోమవారం చేద్దామమ్మా."

"ఏం?"

ఏం చెప్పాలి? ఆదివారం నాకు అక్క కావాలి అనాలా? "ఊరికే" అంది.

"శుక్రవారమే మంచిది" అంది కన్నియమ్మ. గరిటె తిప్పడం ఆపలేదు. "శుక్రవారమే."

*

మలుపు దగ్గర రోడ్డు పక్కన చిన్న కల్వర్టు. దాని కింద నీళ్ళు ఉన్నాయో లేవో తెలియనంత గడ్డి. అవతల చూపు ఆనినంత దూరం పామాయిలు చెట్లు, ఎంత ఎండలోనైనా వాటి కింద చీకటే. నాన్న అప్పన్న లారీని దూరంగా ఆపి స్టీరింగు పట్టుకుని అందులోనే కూర్చున్నాడు. రెండేళ్ళుగా ఆ మలుపులో ఆయన లారీ దిగడు.

కన్నియమ్మ పసుపు బట్ట కట్టిన చెంబు రెండు చేతులా పట్టుకుని రోడ్డు అంచున నిలబడింది. తాతయ్య కర్పూరం వెలిగించాడు. గెలల లారీలు పక్కనుంచే పోతున్నాయి. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా కర్పూరం మంట నేలకు వాలి మళ్ళీ లేచేది. ఆగి ఉన్న మనుషుల్ని చూసి ఒకడు హారన్ కొట్టాడు.

"పిలు" అన్నాడు తాతయ్య.

"సుమితా" అంది కన్నియమ్మ. ఆ మాట లారీ హోరులో కలిసిపోయింది. ఇంకో లారీ పోయేదాకా ఆగి, మళ్ళీ అంది. "సుమితా, రా అమ్మా. ఇంటికి పోదాం."

మూడోసారి పిలిచినప్పుడు దర్షిణికి కుడిచెవి పక్క గాలి కదిలినట్టయింది. చెయ్యి పెట్టి చూసుకుంది. చెమట తప్ప ఏమీ లేదు.

ఇల్లు చేరేదాకా ఎవరూ వెనక్కి చూడకూడదు, మాట్లాడకూడదు. లారీ క్యాబిన్‌లో నలుగురూ ఇరుక్కుని కూర్చున్నారు. చెంబు కన్నియమ్మ ఒళ్ళో ఉంది. గుంతలు వచ్చినప్పుడల్లా ఆమె చేతులు చెంబు చుట్టూ బిగుసుకుంటున్నాయి. అద్దంలో వెనక రోడ్డు కనబడకుండా నాన్న దాన్ని పైకి తిప్పేశాడు.

ఇంట్లో మూల కడిగి ముగ్గు పెట్టి ఉంది. చెంబు అక్కడ దించారు. ఎర్ర పరికిణీ, గాజులు, మల్లెపూలు, సుమితకిష్టమైన కేసరి పెట్టారు. చివర్లో కన్నియమ్మ బీరువాలోంచి ఒక నీలం జెర్సీ తీసింది. సీటిచ్చినప్పుడు యూనివర్సిటీవాళ్ళు పంపినది, ఒక్కసారీ తొడుక్కోనిది. దాన్ని మడత విప్పకుండా పరికిణీ మీద పెట్టి, అరచేత్తో చాలాసేపు నిమిరింది.

"ఇక ఎక్కడికీ పోకు" అంది.

శనివారం పొద్దున దర్షిణి లారీ ఎక్కింది. కింద మరిడమ్మ చేయి వెనక్కి పోయింది. చెవి పక్క ఏమీ లేదు. ఆ ఖాళీలో దర్షిణి ఇంకా వింటూ ఉండగానే "ఇందా" అన్న గరగర గొంతు, దాంతోపాటే కాయ వచ్చాయి. ముంజేతికి తగిలి ఎముక చిట్లినట్టు మోగింది. కాయ లారీ గోడకు కొట్టుకుని కిందికి దొర్లింది.

"అయ్యో, ఏటయినాది! నాను పిలిచినాను కదే!" మరిడమ్మ బెదిరిపోయి, "నిద్రపోనేదా రాత్రి? రేపు బంతి ఇలాగే వదిలేస్తే ఈపో పిల్ల నీ సీటు మీద కాలు మీద కాలేసుకుని కూకుంటాది" అంది.

దర్షిణి గునపం వైపు చూసింది. అమ్మ తన చేతివైపే చూస్తోంది. కానీ కదిలి రాలేదు.

*

ఆదివారం మైదానం అంచున గుడారం కింద తమిళరసి కూర్చుంది. కత్తిరించుకున్న జుట్టు, మెడలో విజిలు. దర్షిణిని చూసి లేచి వచ్చింది. తమిళంలోనే మాట్లాడింది.

"సుమిత చెల్లెలివి కదూ. చెయ్యి ఏమైంది?"

"కాయ తగిలింది మిస్."

"ఆడగలవా?"

"ఆడతాను."

రెండు జట్లుగా విడదీశారు. ఒక గోల్‌లో హిదాయా, ఇంకో దాంట్లో దర్షిణి. హిదాయా నిజంగానే పొడగరి. తెల్లటి తలగుడ్డ బిగించి కట్టుకుని, చేతులు చాస్తే గోలు సగం మూసుకుపోయేటట్టుంది. ఆట మొదలయ్యే ముందు దూరం నుంచి చెయ్యూపి నవ్వింది. దర్షిణి కూడా చెయ్యూపింది.

మొదటి బంతి ఎడమవైపు నుంచి వచ్చింది. చక్కగా కనబడుతూనే ఉంది. జడ వేసుకున్న ఒక పొట్టి పిల్ల దాన్ని ఆపి, ఒక అడుగు వేసి, కాలు వెనక్కి తీసింది. దర్షిణి ఆగింది. చెవి పక్క కాలువలో నీళ్ళు నిలిచినట్టు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోకి బంతి వచ్చి, ఆమె నిలబడ్డ చోటికి చేరువలోనే వలలో పడింది.

ఆమె కదలనే లేదు. గుడారం కింద తమిళరసి ఏదో రాసుకుంది. రవీంద్రన్ మాస్టారు తల పట్టుకున్నాడు.

దర్షిణి వలలోంచి బంతి తీసింది. నీలం జెర్సీ, దాని మీద అమ్మ అరచెయ్యి గుర్తొచ్చాయి. అక్క ఇప్పుడు మూలన బుద్ధిగా కూర్చుని ఉంటుంది. ఇక రాదు. రాని మనిషి కోసం చెవి ఒగ్గి నిలబడితే బంతులన్నీ ఇలాగే పోతాయి. లారీ మీద మొదట్లో ఎలా పట్టేది తను? అక్క బతికున్నప్పుడు, చిన్నప్పుడు? అప్పుడూ పిలుపు వినేదాకా ఆగేది. కానీ పేర్చి ఇటు తిరుగుతూనే కంటి కొసతో కింద అక్క భుజం చూసేది. చెయ్యి వెనక్కి పోకముందు ఆ కుడిభుజం కొంచెం దిగేది. దిగిందంటే కాయ ఎడమకు వస్తుంది. దిగకపోతే నేరుగా వస్తుంది. పిలుపు ఆ తర్వాతే.

ఆ సంగతి ఎప్పుడు మర్చిపోయిందో తెలియదు.

పొట్టి పిల్ల మళ్ళీ వచ్చింది. దర్షిణి కళ్ళు బంతిని వదిలి భుజానికి పోయాయి. ఎడమభుజం దిగింది. దర్షిణి కుడివైపు పడింది. బంతి నొప్పిగా ఉన్న ముంజేతికే తగిలి బయటికి పోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచింది. ఆ తర్వాత వచ్చినవాటిలో ఒకటి స్తంభానికి తగిలి లోపలికి పోయింది, మిగతావన్నీ ఆపింది. ఒక్కదానికీ పిలుపు లేదు. ఆపిన ప్రతిసారీ గుండెలో ఏదో కొంచెం కొంచెంగా ఖాళీ అయింది. అవతల హిదాయా కూడా బాగానే ఆడింది. కానీ దూకేదాకా ఆమె బంతినే చూసేది, కొట్టే పిల్ల భుజాన్ని కాదు.

చివరికి తమిళరసి నీళ్ళ సీసా పట్టుకుని వచ్చి ఆమె పక్కన గడ్డిలో కూర్చుంది.

"మొదటిదానికి ఎందుకు కదల్లేదు?"

"ఏమీ వినబడలేదు మిస్."

"నాకూ అంతే. పెద్ద ఆటల్లో చెవులు మూసుకుపోయేవి." ఆమె నీళ్ళు తాగి సీసా ఇచ్చింది. "మీ అక్కను చూడ్డానికి వచ్చినప్పుడే నిన్నూ చూశాను. అప్పుడు ఆట మొత్తం చూసేదానివి. తర్వాత జిల్లా పోటీల వీడియోలు పంపారు. బంతులు ఆపుతున్నావు, కానీ కళ్ళు ఎక్కడో ఉన్నాయి. గుడ్డిగా దూకి పట్టేస్తున్నట్టు. అదృష్టం మీద ఆడే కీపరు నాకొద్దు అనుకునే వచ్చాను. ఇవాళ రెండో బంతి నుంచి కళ్ళు వెనక్కి వచ్చాయి." లేస్తూ అంది. "మీ సార్‌తో మాట్లాడతాను. సీటు నీదే. మంచి పెట్టె కొనుక్కో."

ఆ చివరి మాట ఆమె ఊరికే అన్నది. దర్షిణి సీసా మూత పెట్టలేకపోయింది.

*

ఇంటికి వచ్చేసరికి దీపం పెట్టి ఉంది. తాతయ్య కబురు విని వీధిలోకి వెళ్ళిపోయాడు, అందరికీ చెప్పడానికి. కన్నియమ్మ కూతురి నోట్లో చక్కెర పోసింది. తర్వాత మూల ముందు కూర్చుంది.

"ఇన్నావా" అంది చెంబుతో. "దానికి వచ్చినాదట."

దర్షిణి పక్కన కూర్చుంది. ఇక దాచడం చాతకాలేదు.

"అమ్మా, అక్క నా దగ్గరుండేది. గోల్‌లో."

"తెలుసు."

దీపం వత్తి చిటపటలాడింది. కన్నియమ్మ వేలితో దాన్ని సర్ది, నూనె వేలిని చీరకు తుడుచుకుంది.

"లారీ మీద మరిడమ్మ పిలవకముందే నీ సేతులు లేచేయి. రోజూ చూసేదాన్ని. అది వచ్చినాదని తెలిసేది. నాను కన్నతల్లిని. గునపం కాడ రోజంతా చెవి ఒగ్గి నిలబడేదాన్ని. ఒక్కనాడూ నాకు వినబడనేదు. నీకే వినబడేది. పోనీలే, నీ సేతుల్లోనైనా చూస్తన్నాను కదా అని, తాత అడిగినప్పుడల్లా వద్దన్నాను."

"మరి ఇప్పుడెందుకు?"

"నువ్వెళ్తే నీ ఎనకే పోద్ది. అదీ ఆ కాలేజీకే." ఆమె గొంతు పెంచలేదు. "ఇద్దర్నీ ఒక్కపాలి పంపలేనే. నీకు దీవెన కోసమని అందరూ అనుకున్నారు. కాదు. దానివల్లే నువ్వు బంతి పడతన్నావని తెలిసి కూడా తెచ్చేసుకున్నాను."

దర్షిణి ముంజేతి మీది నల్లటి మచ్చను చూసుకుంది. కోపం రావాలి. వలలో పడ్డ ఆ మొదటి బంతిని గుర్తుతెచ్చుకుంది. కోపం వచ్చింది కానీ నిలవలేదు.

"వినబడుతోందా?" అని అడిగింది.

కన్నియమ్మ తల అడ్డంగా ఊపింది. "రెండు రాత్రులు ఇక్కడే పడుకున్నాను. ఒట్టి చెంబు."

*

సోమవారం మరిడమ్మ పనికి రాలేదు. మనవడికి జ్వరం. నాన్న లారీని వెనక్కి నడిపి షెడ్డు ముందు నిలిపాడు. షెడ్డు యజమాని తౌకే లోపల్నుంచి, "చపాత్, చపాత్!" అని తొందరపెట్టాడు.

"నాను పైకెక్కుతాను. నువ్వు ఇసురు" అంది కన్నియమ్మ.

"నువ్వా? పట్టగలవా?"

"పట్టకపోతే తలకాయ పగులుద్ది. ఆమాత్రం తెలుసు లే."

నాన్న చెయ్యందించాడు. కన్నియమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపి లారీ ఎక్కింది. దర్షిణి కింద, అక్క చోట నిలబడింది. ఆ చోట ఎప్పుడూ నిలబడలేదు. అక్కడ నేల కాళ్ళ అరుగుదలకు గుంతపడి ఉంది. పాదాలు అందులో సరిగ్గా కుదిరాయి.

మొదటి కాయ పిలిచి విసిరింది. అమ్మ దాన్ని గుండెలకు అదుముకుని పట్టుకుంది, పిల్లను ఎత్తుకున్నట్టు. రెండోదీ అంతే. పేర్చడానికి వంగింది, వీపు ఇటు పెట్టి.

దర్షిణి ఇంకో కాయ తీసుకుంది. చెయ్యి వెనక్కి తీసింది. చెవి పక్క ఏమీ లేదు. నోరు తెరిచింది, ఇంకా పిలవలేదు.

లారీ మీద అమ్మ గిర్రున తిరిగింది. చేతులు రెండూ అప్పటికే లేచి ఉన్నాయి.